మూడు గంటల చీకటి

బెల్లం పాకం, మొక్కజొన్న పిండి, కొంచెం ఈస్టు.
పొద్దున పూట మా ల్యాబులో వంటింటి వాసన వస్తుంది.
అనంతపురంలో మే నెల. కిటికీలకు నల్ల చార్టు అంటించి
బయటి ఎండను బయటే నిలబెట్టినాం.
లోపల మేం కొలిచి పోసే వెలుగు తప్ప
ఇంకో వెలుగు ఉండకూడదు.

పండ్ల మీద ముసిరే ఈగలే.
నువ్వుగింజకు రెక్కలొచ్చినంత.
సీసాకు ఇరవై, మూతికి దూది.
మూడు అరలు. ఒకటి చీకటిది. ఒకటి మామూలు తెల్ల దీపానిది.
మూడోది నీలం, రాత్రీ పగలూ ఆరనిది.
రోజూ సీసాలు వంచి చూస్తాను,
పైకి పాకేవి ఎన్ని, అడుగున వెల్లకిలా ఎన్ని.
చీకటి అరకు మాత్రం ఎర్ర కాగితం చుట్టిన టార్చి.
ఎరుపు వాటికి కనిపించదు.
నేనొచ్చి లెక్కపెట్టి పోయినట్టు వాటికి తెలియదు.

కళ్లు లేని రకం కూడా తెప్పించినాం బెంగళూరు నుంచి.
నీలం కింద అవీ తొందరగానే పోతాయి.
అంటే వెలుగు కంటిలోంచే రావాలని లేదు,
వీపులోంచి దూరుతుంది, కడుపులోంచి దూరుతుంది.
అది తెలిసిన రాత్రి హాస్టల్లో
మొహం మీది ఫోనును బోర్లించి పడుకున్నాను.
పది నిమిషాలు.

లెక్క తప్పింది నలభైయవ రోజుకు.
సగం పోయుండాల్సిన నీలం సీసాల్లో
ఇంకా గోడలెక్కుతున్నాయి.
బల్బులు మార్చినాను. మీటరు పెట్టి చూసినాను.
బెల్లం కొనే కొట్టు మార్చినాను.
సారు నన్ను చూసే చూపు మారింది.

ఆ రాత్రి ఒంటిగంట దాటినాక
మరిచిపోయిన చార్జరు కోసం వెనక్కి వస్తే
తలుపు సందులో నీలం లేదు.
లోపల స్టూలు మీద మాబాష, మా అటెండరు,
చీకట్లో ఒక్కడే,
చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.

"కరెంటు పోయిందా?"
"లేదుమా. నేనే ఆర్పినా."
తర్వాతి మాటలన్నీ సీసాల వైపు తిరిగే చెప్పినాడు.
"కోళ్ల ఫారంలో చేసినా ఆరేండ్లు, కూడేరు దావలో.
రేత్రంతా లైట్లే. చీకటైతే మేయవు గదా.
రెప్ప మూయనీరు వాటిని, నలభై దినాలు.
ఆడ ఆర్పితే కూలి పట్టుకుంటారని భయపడితి.
ఈడ ఒంటిగంట నుంచి నాలుగు దాకా, అంతేమా.
ఈగలు గదా, ఎవురికి తెలుస్తాదిలే అనుకుంటి."

అరవడానికి నోరు తెరిచినాను.
నలభై దినాల లెక్క, ఎనిమిది వందల ఈగలు,
ఫెలోషిప్పులో మిగిలిన నాలుగు నెలలు.
ఎర్ర టార్చి వేసి చూసినాను.
అన్నీ దూది దగ్గర, కదలకుండా, తలలు కొంచెం వాల్చి.
నిద్ర అది.
పుస్తకాల్లో చదివినాను. నా సీసాల్లో ఎప్పుడూ చూడలేదు.

ల్యాబు పుస్తకంలో అంకెలు చెరపకూడదు.
ఒక గీత గీసి, పక్కన కారణం రాసి, సంతకం చేయాలి.
గీత తొందరగానే గీసినాను.
దీపం లోపం అని రాస్తే అబద్ధం.
ఆయన పేరు రాస్తే కడుపు మీద కొట్టినట్టు.
"రోజూ మూడు గంటలు చీకటి" అని మాత్రం రాసినాను.
ఎట్లా అని సారు అడిగినాడు.
కరెంటు సార్, అన్నాను.
ఈ ఊర్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

సోమవారం, మళ్లీ మొదటి రోజు.
సీసాలు మాబాషే కడిగినాడు, బెల్లం తనే కరిగించినాడు.
కొత్త ఈగలు మత్తులోంచి లేచి
రెక్కలు దులుపుకుంటుంటే
"ఈతూరి ఏవిమా?" అన్నాడు.
మూడో అర చూపించినాను.
ఇద్దరం కాసేపు నిలబడినాం.
స్విచ్చి ఆయనే వేసినాడు, మొహం పక్కకు తిప్పుకుని.
నెరిసిన గడ్డం మీద
నీలం పడింది.